93 ఏళ్లు రొయ్యగా బతికిన కాలు

మా విస్సన్నపేటకు సముద్రం లేదు గానీ, రొయ్యంటే తెలియని ఇల్లు ఉండదు. అయితే ఒక్క మాట. తల తీసిన రొయ్యను మాత్రమే చూసినవాడిని అసలు రొయ్య బొమ్మ గీయమంటే ఏం గీస్తాడు? శిలాజాలు చదివేవాళ్లకు సరిగ్గా ఇదే చిక్కొచ్చింది.

1892లో వైటీవ్స్ అనే శాస్త్రవేత్త కెనడాలో దొరికిన ఒక శిలాజాన్ని చూశాడు. గణుపులు గణుపులుగా, ముళ్లతో ఉంది. తల లేని రొయ్య అనుకుని ‘అనోమలోకారిస్’ అన్నాడు. అంటే వింత రొయ్య. 1911లో వాల్కాట్‌కు గుండ్రంగా పేర్చిన పలకల్లాంటిది కనిపిస్తే, జెల్లీఫిష్ అన్నాడు. చివరికి 1985లో విటింగ్టన్, బ్రిగ్స్ తేల్చిందేమిటంటే, ఆ ‘రొయ్య’ ముందుకాలు, ఆ ‘జెల్లీఫిష్’ నోరు! రెండూ ఒకే తరహా జంతువువి. అది సుమారు 50 కోట్ల ఏళ్ల క్రితం సముద్రంలో ఈదింది.

మరి ఆ రోజుల్లోనే ఉన్న ట్రైలోబైట్ దగ్గర ఇంత తికమక ఎందుకు రాలేదు? కిటుకంతా పెంకులో ఉంది. ట్రైలోబైట్ వీపు మీది పెంకు కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం. పైగా రొయ్యలాగే పెరిగినప్పుడల్లా పెంకు విడిచేది. చెరువు రైతులకు ఈ సంగతి కొత్త కాదు, ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు కదా! విడిచిన ప్రతి పెంకూ శిలాజమయ్యే ఛాన్సే. అందుకే 20 వేలకు పైగా జాతులు లెక్కకు దొరికాయి. మన హిమాచల్‌లోని స్పితి లోయ రాళ్లలోనూ ఉన్నాయి. అనోమలోకారిస్‌కు అలాంటి ఖనిజపు పెంకు లేదు. చచ్చాక ఒళ్లు విడిపోయి, కాస్త గట్టివైన ముందుకాళ్లు, నోరు విడివిడిగా మిగిలేవి.

కళ్లలో మాత్రం ఇది తీసిపోలేదు. 2011లో ఆస్ట్రేలియా శిలాజంలో ఒక్కో కంటికి కనీసం 16,000 కటకాలు లెక్కగట్టారు.

ఇంత చూపున్నది ట్రైలోబైట్లను పటపటా కొరికి తినేదని చాలాకాలం అనుకున్నారు. వంతెన ఎంత బరువు మోస్తుందో చూడటానికి మా ఇంజినీర్లు వేసే కంప్యూటర్ లెక్కే ఆ ముందుకాలికీ వేశారు. 2023లో వచ్చిన జవాబు: గట్టి పెంకును పగలగొట్టేంత బలం దానికి ఉండకపోవచ్చు, మెత్తటి జీవులనే వేటాడి ఉంటుంది.

ఈసారి మీ పిల్లల పుస్తకంలో అది ట్రైలోబైట్‌ను నములుతున్న బొమ్మ కనిపిస్తే, పేజీ తిప్పేయకండి. ‘ఈ సంగతి మనకెలా తెలిసింది?’ అని అడగండి. 93 ఏళ్ల తర్వాత రొయ్యను కాలుగా మార్చింది ఆ ప్రశ్నే.