పుట్టిన చోటే నమోదు, తల్లి మాటకు లేని విలువ

మిరప కోతలకు కర్నూలు పడమటి పల్లెల నుంచి గుంటూరు, పల్నాడు పొలాలకు కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. వాళ్లలో గర్భిణులూ ఉంటారు. పిడుగురాళ్ల దగ్గర చేలో వేసుకున్న గుడిసెలో కాన్పయితే ఆ పుట్టుక ఎవరి లెక్కలోకి వస్తుంది? 1969 జనన మరణ నమోదు చట్టం ప్రకారం పుట్టిన చోటే, 21 రోజుల్లో తెలియజేయాలి. సొంతూళ్లో అడిగితే “ఇక్కడ పుట్టలేదుగా” అంటారు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అందుకు పోయే కూలి ఎవరిస్తారు?

2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు సడలించి తల్లో తండ్రో ఒకరి పేరు చాలన్నారు. ఒంటరి స్త్రీలకు అది చిన్న విషయం కాదు. 2025లో మళ్లీ బిగించారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి పుట్టినతేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. కూలివాళ్ల పిల్లకు పాస్‌పోర్టెందుకని నవ్వేవాళ్లుంటారు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మన స్త్రీలు ఏ జమీందారుల బిడ్డలు?

నా అభ్యంతరం ధ్రువపత్రం మీద కాదు. ఇంట్లో కాన్పయితే తెలియజేసే బాధ్యత చట్టం ముందుగా ఇంటి యజమానికిచ్చింది. ఒంటరి తల్లి తానే చెప్పవచ్చునని 2023 సవరణ చేర్చింది. భర్త ఉన్న తల్లి మాట మాత్రం ఎందుకు చాలదు? కోతలు ముగిసి గుడిసెలు పీకేలోపు, తల్లి నోటిమాట మీదే నమోదు చేసి పత్రం ఆమె చేతికివ్వాలని మన సంఘాలు ఈ సీజన్‌లోనే అడగాలి.