స్ప్రింగ్ బూట్‌కు ముందు సర్వ్‌లెట్ పుస్తకం

కోయంబత్తూరు పీళమేడులోనూ మదురై చుట్టుపక్కల తెలుగు ఇళ్లలోనూ కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలకు తరచుగా ఒక సలహా అందుతోంది. జావాలో సర్వర్ ప్రోగ్రామింగ్‌కు పుస్తకం దండగ, హైదరాబాద్ కోచింగ్ వీడియోలు చూసి నేరుగా స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో మొదలుపెట్టమని. దీని వెనుక ఒక నిజం లేకపోలేదు. తరతరాలుగా తమిళ బళ్లలో చదివిన ఈ ఇళ్లలో తెలుగు మాట నిలిచింది గానీ, లిపి చాలామందికి రాదు. వీడియోలో తెలుగు చెవినపడితే ఊరట, ఇంగ్లిష్ పుస్తకం చూస్తే బెదురు. అయినా ఆ సలహా పిల్లలకు చేటు చేస్తోంది.

పుస్తకం వద్దనేవాళ్లు జి.డి. నాయుడును సాక్ష్యంగా తెస్తారు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టి, బడి చదువు మధ్యలోనే మానేసి అంత ఇంజనీరు కాలేదా అంటారు. అయ్యారు. కానీ ఎలా? ఇంగ్లిష్ అధికారి దగ్గర మోటార్ సైకిల్ కొని, భాగాలన్నీ విప్పి చూసి నేర్చుకున్నారు. నడపడం వస్తే చాలనుకోలేదు. స్ప్రింగ్ బూట్ వీడియో బండి నడపడం చూపిస్తుంది, బ్రౌజర్ అడిగినదానికి సర్వర్‌లో జవాబిచ్చే సర్వ్‌లెట్ అనే జావా క్లాసు గురించిన పుస్తకం ఇంజన్ విప్పి చూపిస్తుంది. నాయుడి దారి రెండోది.

విప్పితే ఏం కనబడుతుంది? సర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్ ఒక సర్వ్‌లెట్‌కు మామూలుగా ఒకే ఆబ్జెక్ట్ సృష్టిస్తుంది. వంద మంది ఒకేసారి పేజీ అడిగితే వంద థ్రెడ్‌లు ఆ ఒక్క ఆబ్జెక్ట్‌లోకే వస్తాయి. అందులో లెక్కపెట్టే వేరియబుల్ ఉంటే, ఒక థ్రెడ్ చదివి పెంచేలోపు ఇంకొకటి పాత అంకెనే చదివేస్తుంది. లెక్క తప్పుతుంది. 1998లో ఓరైలీ ప్రచురించిన జేసన్ హంటర్ పుస్తకం ఈ సంగతిని చిన్న కౌంటర్ ఉదాహరణతోనే వివరిస్తుంది. ఒక్క బ్రౌజర్‌తో నడిచే వీడియో పాఠంలో ఈ తప్పు బయటపడదు. స్ప్రింగ్ బూట్‌లో రాసే స్ప్రింగ్ కంట్రోలర్ కూడా డిఫాల్ట్‌గా ఒక్కటే ఆబ్జెక్ట్. దాని ఫీల్డులో ఒక కస్టమర్ చిరునామా దాచితే, అది ఇంకొకరి తెర మీద కనబడే ప్రమాదం ఉంది.

సర్వ్‌లెట్ల కాలం చెల్లిందన్న మాట నిలవదు. స్ప్రింగ్ ఎంవీసీలో రిక్వెస్టులన్నీ అందుకునే డిస్పాచర్‌సర్వ్‌లెట్ కూడా సర్వ్‌లెటే. అసలు స్ప్రింగ్ పుట్టిందే పుస్తకంలోంచి. 2002లో రాడ్ జాన్సన్ తన పుస్తకంతోపాటు ఇచ్చిన కోడే దానికి పునాది.

పాత పుస్తకంలో కోడ్ ఇప్పుడు నడవదన్న ఫిర్యాదు కొంతవరకు నిజం. 2020లో సర్వ్‌లెట్లు భాగమైన జకార్తా ఈఈ 9 ప్రమాణంతో ప్యాకేజీ పేర్లలో జావాఎక్స్ పోయి జకార్తా వచ్చింది కాబట్టి టామ్‌క్యాట్ 10 పాత పేర్లను ఒప్పుకోదు. ఇంపోర్ట్ వరుసలు మార్చుకోవాలి, లేదా టామ్‌క్యాట్ 9 పెట్టుకోవాలి. జేఎస్‌పీ అధ్యాయాలు దాటేసినా నష్టం లేదు. రిక్వెస్ట్, కుకీ, సెషన్, థ్రెడ్ గురించి చెప్పిన మూల సూత్రాలు మాత్రం మారలేదు.

ఇక ఇంగ్లిష్ భయం. వీడియో తెలుగులో ఉన్నా, ఎర్రర్ మెసేజీ ఇంగ్లిష్‌లోనే వస్తుంది, డాక్యుమెంటేషన్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. చదివే అలవాటును వాయిదా వేసినకొద్దీ ఉద్యోగంలో చేరాక కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక అధ్యాయం చదివి ఇంటి తెలుగులో వాదించుకుంటే భాష అడ్డుకాదు.

డబ్బు సంగతీ ఉంది. తెలుగు మాట్లాడే అరుంధతియార్ దళిత కుటుంబాల్లో మొదటితరం పట్టభద్రులకు కోచింగ్ ఫీజు భారం. మదురైలో 2023 జులైలో కలైఞర్ శతాబ్ది గ్రంథాలయం తెరిచారు. అలాంటి ప్రభుత్వ గ్రంథాలయాల్లో సర్వ్‌లెట్ పుస్తకాలు అరడజను ఉంచినా ఎందరికో పనికొస్తాయి.

పీళమేడు తెలుగు కుటుంబం పెట్టిన ట్రస్టు 1951లో పీఎస్‌జీ టెక్ ఇంజనీరింగ్ కాలేజీని స్థాపించింది. ఆ ఊరి కాలేజీలు, సంఘాలు ఈ పని నెత్తికెత్తుకోవాలి. స్ప్రింగ్ బూట్ తెరవకముందే ప్రతి విద్యార్థి చేతా కౌంటర్ సర్వ్‌లెట్ రాయించాలి. జేమీటర్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌తో ఒకేసారి వేల రిక్వెస్టులు పంపించి, లెక్క ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో వాళ్ల చేతే రాయించాలి.