117వ మూలకానికి ఓ రాష్ట్రం పేరు.. ఆ పట్టికలో మన ఊరి పేరు ఎందుకు లేదు?

కృష్ణా జిల్లా కూచిపూడి, మొవ్వ, మచిలీపట్నం ప్రాంతాల్లో ఇంటర్ సైన్స్ చదివే పిల్లలందరికీ మూలకాల పట్టిక తెలుసు. మొత్తం 118 మూలకాలు. పట్టిక కింది వరసలు చూస్తే అవి ఊళ్ల పేర్లలా ఉంటాయి. బెర్కీలియం అమెరికాలోని బర్క్‌లీ పేరు. డుబ్నియం రష్యాలోని డుబ్నా పేరు. డార్మ్‌స్టాడ్షియం జర్మనీలోని డార్మ్‌స్టాట్ పేరు. ఇవేవీ రాజధానులు కావు. పెద్ద ప్రయోగశాలలున్న ఊళ్లు, అంతే. మన దేశంలోని ఏ ఊరి పేరూ అక్కడ లేదు. 'ఇండియం' ఉంది కదా అనొచ్చు. కానీ దానికి ఆ పేరు నీలిమందు రంగును బట్టి వచ్చింది, దేశాన్ని బట్టి కాదు.

ఇలాంటి పేరు ఎలా దక్కుతుందో తెలియాలంటే 117వ మూలకం కథ చూడాలి. ఇది ప్రకృతిలో దొరకదు, మనుషులు తయారుచేయాల్సిందే. లెక్క మాత్రం సులువు. 97వ మూలకం బెర్కీలియాన్ని 20వ మూలకం కాల్షియంతో ఢీకొట్టిస్తే 117 రావాలి. కష్టమంతా ఆచరణలోనే. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ఉంది. అక్కడి రియాక్టర్‌లో 250 రోజులు పనిచేసి, మరో 90 రోజులు శుద్ధి చేస్తే చేతికొచ్చిన బెర్కీలియం 22 మిల్లీగ్రాములు. అదీ సుమారు 11 నెలల్లో సగానికి సగం తరిగిపోయే పదార్థం. దాన్ని హడావుడిగా రష్యా చేర్చి, డుబ్నాలో 150 రోజుల పాటు కాల్షియం కణాలతో కొట్టారు. చివరికి దొరికినవి ఆరు పరమాణువులు! అవీ సెకనులో చిన్న భాగం మాత్రమే నిలిచాయి. ఈ ఫలితాన్ని 2010 ఏప్రిల్‌లో ప్రకటించారు.

ప్రకటించగానే పేరు పెట్టుకునే హక్కు రాదు. దాన్ని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య పరిశీలించి ఒప్పుకోవాలి. వేరే ప్రయోగశాలలో మళ్లీ చేసి చూపిస్తే ఆ వాదనకు బలం. 2014లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఆ పని జరిగింది. ఆ బృందంలో కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలూ ఉన్నారు. అంటే ఈ మూలకాన్ని రుజువు చేయడంలో భారతీయుల చెయ్యి కూడా ఉంది. కానీ పేరు పెట్టే హక్కు మొదట కనుగొన్నవారిదే. 2015 డిసెంబర్ 30న సమాఖ్య గుర్తింపు ఇచ్చింది. అయిదు నెలలు ప్రజల అభిప్రాయాలు తీసుకున్నాక 2016 నవంబర్ 28న 'టెన్నెసీన్' పేరు ఖాయమైంది.

అదే రోజు 113వ మూలకానికి 'నిహోనియం' పేరు ఖరారైంది. నిహోన్ అంటే జపాన్. దీని వెనక నూరేళ్ల నిరీక్షణ ఉంది. 1908లో ఓ జపాన్ శాస్త్రవేత్త తాను కనుగొన్న మూలకానికి 'నిప్పోనియం' అని పేరు పెట్టారు. ఆయన లెక్క తప్పని తేలింది, పేరు కొట్టేశారు. జపాన్ మాత్రం ఆ పని వదల్లేదు. 2003 నుంచి 2012 దాకా ప్రయోగాలు చేసి మూడే మూడు పరమాణువులు పట్టుకున్నారు. ఆసియా ఖండంలో కనుగొన్న మొదటి మూలకంగా అది పట్టికకెక్కింది.

పేరు ఎప్పుడూ పని వెంటే వస్తుంది. పొటాషియం గుర్తు 'కె' అక్షరం 'కాలియం' అనే మాటది. దాని మూలం మొక్కల బూడిదకు అరబీలో ఉన్న 'అల్ ఖలీ'. రసాయన విద్య అరబీలో సాగిన కాలం వదిలిన గుర్తు అది. దూరం ఎందుకు, కూచిపూడినే తీసుకోండి. డెల్టాలోని ఓ చిన్న పల్లె పేరు ఈ రోజు ఓ నాట్యానికి పేరై ప్రపంచమంతా తిరుగుతోంది. గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానీషా ఆ ఊరిని కళాకారుల కుటుంబాలకు ఇనాంగా ఇచ్చాడని చెబుతారు. ఏలినవారి అండ ఒకవైపు, తరాల సాధన మరోవైపు ఉంటేనే ఊరికి అంత పేరొచ్చింది. సైన్స్‌కూ ఇదే లెక్క.

ఇప్పుడు పోటీ 119, 120 కోసం. 2024 జూలైలో బర్క్‌లీ శాస్త్రవేత్తలు కాల్షియం బదులు టైటానియం వాడి, 22 రోజుల్లో 116వ మూలకం పరమాణువులు రెండు తయారుచేశారు. 120కి ఇది దారి అంటున్నారు. మన దేశం పరిశోధనల మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం, జపాన్‌ది 3 శాతం పైనే. సర్కారు అండ దగ్గర మనం ఎక్కడున్నామో ఈ అంకెలే చెబుతాయి.

సెకను కూడా నిలవని ఆరు పరమాణువులతో ఏం లాభం అని ఎవరైనా అడగొచ్చు. 1937లో మనుషులు తయారుచేసిన మొదటి మూలకం టెక్నీషియం గురించీ అలాగే అనుకుని ఉండొచ్చు. ఈ రోజు పెద్దాసుపత్రుల్లో ఎముకలకు, గుండెకు చేసే న్యూక్లియర్ స్కాన్లలో ఎక్కువగా వాడేది దాన్నే.

రెండో సగం ఇళ్లలో ఉంది. లెక్కలు, సైన్స్ బాగా వచ్చే పిల్లల్ని అమ్మీఅబ్బా నీట్‌కో ఈఏపీసెట్‌కో పంపుతారు. అది తప్పు కాదు. కానీ సీటు రాకపోతే చదువే పోయినట్టు భావించడం, ఆడపిల్ల అయితే ఏదో డిగ్రీ చాల్లే అనడం నష్టం. తిరుపతి ఐసర్ లాంటి సంస్థలు ప్యూర్ సైన్స్ కోసమే ఉన్నాయి. సైన్స్ డిగ్రీలో చేరే ప్రతిభావంతులకు కేంద్రం ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80 వేల రూపాయల దాకా ఇస్తోంది. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద యూరప్ వెళ్లి అణుభౌతికం చదివొచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖకు పునాది వేశారు. డెల్టా పల్లెల నుంచి ఆ దారి కొత్తదేమీ కాదు.

120వ గడి ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని నింపే బృందంలో మన పిల్లలు ఉంటారా లేదా అన్నది పదో తరగతి పాసయ్యాక ఇంట్లో జరిగే మాటల దగ్గరే సగం తేలిపోతుంది.