రీసెట్ చేయాల్సింది బయలుదేరే ముందే

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో ఎవరి హడావుడి వారిది. పెద్దవాళ్లు రిలీవింగ్ కాగితాలు, గ్యాస్ కనెక్షన్, క్వార్టర్ అప్పగింత అంటూ తిరుగుతుంటారు. మీరు టి.సి. కోసం, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడం కోసం బడి చుట్టూ తిరుగుతుంటారు. సామానంతా లారీ ఎక్కాక, గోడ ప్లగ్గులో మిగిలిపోయిన వైఫై ఎక్స్‌టెండర్ ఎవరి కంటో పడుతుంది. దాన్ని లాగి, చేతికందిన సంచిలో పడేస్తారు. కొత్త ఊళ్లో ప్లగ్గులో పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది, నెట్ మాత్రం రాదు. "దారిలో దెబ్బ తగిలినట్టుంది, కొత్తది కొనాలి" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది.

చాలాసార్లు దానికి ఏ దెబ్బా తగలదు. ఎక్స్‌టెండర్ సొంతంగా నెట్ తయారు చేయదు. రౌటర్ నుంచి వచ్చే సిగ్నల్ అందుకుని, మళ్లీ చుట్టూ పంపుతుంది, అంతే. అందుకోసం పాత ఇంటి రౌటర్ పేరు, పాస్‌వర్డ్ లోపల దాచుకుంటుంది. కరెంటు తీసేసినా వాటిని మరచిపోదు. బికనీర్‌లో నేర్చుకున్న పేరును విశాఖపట్నంలో వెతికితే ఎక్కడ దొరుకుతుంది? దాని తప్పేమీ లేదు. ఊరు మారిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ విషయంలో నా అభిప్రాయాలు రెండు. మొదటిది, ఎక్స్‌టెండర్‌ను కొత్త ఊరు చేరాక కాదు, పాత ఊరు వదిలే ముందే రీసెట్ చేయాలి. రెండోది, బదిలీల ఇంట్లో ఈ పని ఏడో తరగతి దాటిన పిల్లల చేతికి రావాలి.

ముందు ఒక తేడా తెలుసుకోండి. ప్లగ్గు తీసి కాసేపాగి మళ్లీ పెట్టడం రీస్టార్ట్. అది నిద్రపోయి లేచినట్టు, పాత సంగతులన్నీ గుర్తుంటాయి. నెట్ నెమ్మదించినప్పుడు మొదట చేయాల్సింది ఇదే. రీసెట్ వేరు. ఎక్స్‌టెండర్ పక్కనో కిందో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. కొన్నింటికి చిన్న బటన్ ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడే సిమ్ కార్డు తీసే పిన్నుతోనో, సాగదీసిన జెమ్ క్లిప్పుతోనో లోపలి బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. ఎన్ని సెకన్లన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. చాలావాటికి పది సెకన్ల లోపే లైట్లన్నీ మిణుకుమంటాయి. దాంతో మీరు పెట్టిన పేర్లు, పాస్‌వర్డులు అన్నీ చెరిగిపోయి, అది పెట్టెలోంచి అప్పుడే తీసిన స్థితికి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. రీసెట్ చేసేది ఎక్స్‌టెండర్‌నే, రౌటర్‌ను కాదు. చాలా కనెక్షన్లలో నెట్ కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ రౌటర్‌లోనే ఉంటాయి. అవి చెరిగిపోతే ఇల్లంతటికీ నెట్ ఆగిపోతుంది, కంపెనీ మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటే, రంధ్రంలో పిన్ను పెట్టే ముందు కిందనున్న స్టిక్కర్ చదవండి.

ఇక ముందే ఎందుకంటే, మొదటి కారణం భద్రత. ఎక్స్‌టెండర్ ప్లగ్గులోనే మిగిలిపోయినా, ఎవరికైనా ఇచ్చినా, పాత సామానుతో అమ్మేసినా, మీ ఇంటి పాస్‌వర్డ్ దాంతోపాటే పోతుంది. రెండో కారణం మన ఇళ్లకు ప్రత్యేకం. నాన్నో అమ్మో ముందుగా వెళ్లి డ్యూటీలో చేరతారు, మిగిలినవాళ్లు పరీక్షలయ్యాక వెళతారు. ఒక్కోసారి కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని చోటికి పోస్టింగ్ పడుతుంది. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి, ప్లగ్గు పెట్టే మనిషి ఒకే ఇంట్లో ఉంటారన్న నమ్మకం మనకు లేదు. రీసెట్ అయి వచ్చిన ఎక్స్‌టెండర్‌కైతే పాత సంగతులతో పని లేదు. స్టిక్కర్ చదవగలిగిన వాళ్లెవరైనా దాన్ని అమర్చగలరు. మూడో కారణం, సామాను కట్టకముందు పిన్ను ఎక్కడుందో తెలుసు. స్టిక్కర్‌ను ఫోటో తీసి పెట్టుకునే తీరికా ఉంటుంది.

"ఇంత శ్రమెందుకు? కొత్త రౌటర్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డే పెడితే సరిపోదా?" అని తొమ్మిదో తరగతి వాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. చాలావరకు సరిపోతుంది. ఫోన్లు, టీవీ, ఎక్స్‌టెండర్ అన్నీ ఇది పాత ఇల్లేననుకుని కలిసిపోతాయి. అయినా నాకు రెండు అభ్యంతరాలున్నాయి. చాలా ఇళ్లలో వైఫై పేరులోనే ఇంటిపేరో, క్వార్టర్ నంబరో, ఆఫీసు పేరో ఉంటుంది. దారిన పోయే ప్రతి ఫోన్‌కూ కనిపించే పేరులో ఆ వివరాలు ఉండకూడదు. ఇక పాస్‌వర్డ్ సంగతి. పాత ఊళ్లో అది ఎంతమందికి చెప్పామో మనకే గుర్తుండదు. ఆ ఊరు వదిలాక వాళ్లతో పనేముంది అనుకోకండి. మన ఉద్యోగాల్లో ఒక ఊరి పొరుగువారు మూడో ఊళ్లో మళ్లీ పొరుగువారవుతారు! పాస్‌వర్డ్ మార్చడానికి బదిలీకి మించిన సమయం లేదు.

కొత్త ఇంట్లో అమర్చడం అరగంట పని. మొదట ఎక్స్‌టెండర్‌ను రౌటర్ ఉన్న గదిలోనే ప్లగ్గులో పెట్టండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి, లేకపోతే ఫోన్ మధ్యలో అటు జారుకుంటుంది. స్టిక్కర్ మీదున్న పేరు గల వైఫైకి ఫోన్‌ను కలపండి. బ్రౌజర్‌లో స్టిక్కర్ మీది చిరునామా కొట్టండి. అది చాలావాటిలో 192.168తో మొదలవుతుంది. తెరుచుకున్న పేజీ మొదట ఎక్స్‌టెండర్‌కే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. దాన్ని వైఫై పాస్‌వర్డ్‌కు భిన్నంగా పెట్టండి. తరువాత మీ ఇంటి వైఫై పేరు ఎంచుకుని, దాని పాస్‌వర్డ్‌ను పెద్ద, చిన్న అక్షరాల తేడా చూసుకుంటూ కొట్టండి. లైటు నిలకడగా వెలిగిందంటే పని అయినట్టే. రెండింటికీ డబ్ల్యూపీఎస్ బటన్ ఉంటే ఇంకా తేలిక. రౌటర్ మీద నొక్కి, రెండు నిమిషాల లోపు ఎక్స్‌టెండర్ మీద నొక్కితే చాలు.

ఇప్పుడు ప్లగ్గు తీసి, అసలు చోటికి మార్చండి. నేర్చుకున్నది మరచిపోదు. చోటు దగ్గరే చాలామంది పొరబడతారు. సిగ్నల్ రాని గదిలోనే దాన్ని పెడతారు. తనకే వినిపించని మాటను అది ఇంకొకరికి ఎలా చెబుతుంది? రౌటర్‌కు, సిగ్నల్ రాని గదికి నడిమధ్య ఉండాలి. పాత రైల్వే క్వార్టర్లలో, కంటోన్మెంట్ బంగళాల్లో గోడలు మందంగా ఉంటాయి. అక్కడ 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం వెళుతుంది, వేగం మాత్రం తక్కువ. ఇనుప బీరువా వెనుక, ఫ్రిజ్ పక్కన పెట్టకండి. మైక్రోవేవ్ ఒవెన్ కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది కాబట్టి దానికీ దూరంగా ఉంచండి. ఒకే బ్యాండ్‌తో వినడం, చెప్పడం రెండూ చేసే ఎక్స్‌టెండర్‌లో వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. అది లోపం కాదు, దాని పద్ధతే అంత. కొన్ని క్యాంపస్‌లలో వైఫై పరికరాల మీద నిబంధనలుంటాయి. అమర్చే ముందు పెద్దలను అడగండి.

ఈ పని పిల్లలకెందుకు అంటే, ఇంట్లో ఒక్కరికే తెలిసిన పని ఆ ఒక్కరూ ఊరెళితే ఆగిపోతుంది. మీకు ఫోన్ వాడటం ఎలాగూ వచ్చు. దాని వెనకున్న పని కూడా రావాలి. కానీ బాధ్యత తీసుకుంటే మూడు షరతులు. పాస్‌వర్డులన్నీ ఒక నోటుబుక్కులో రాసి అమ్మానాన్నల దగ్గర ఉంచాలి. తమ్ముడితో గొడవైందని అతని ఫోన్‌ను ఆపేయకూడదు. ఇంట్లో ఇంకొకరికైనా, నాయనమ్మకైనా సరే, ఈ పని నేర్పాలి. తాళం చెవి చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు మనది కాదు కదా.

తెలుగు మాస్టారికి ఈ వైఫై గోలెందుకని అనుకుంటున్నారేమో. బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు ఊరు మారినా ఆగకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. ఏ ఊరెళ్లినా లెక్కల పుస్తకం అదే, సైన్సు పుస్తకం అదే. తెలుగు మాత్రం అన్ని చోట్లా దొరకదు. కోట నుంచి సిల్చర్ వెళ్లిన పిల్లవాడికి బడిలో తెలుగు తరగతి ఉండకపోవచ్చు, వీధిలో తెలుగు మాట వినపడకపోవచ్చు. అతనికి మిగిలిన తెలుగల్లా రాత్రి భోజనాలయ్యాక అమ్మమ్మ చేసే వీడియో కాల్. "ఏం తిన్నావురా, ఏం చదివావురా" అని ఆవిడ అడిగే రెండు మాటలే అతని తెలుగు వాచకం. వెనక గదిలో సిగ్నల్ లేక మాటలు ముక్కలైతే, "వినిపించట్లేదు, తరువాత చేస్తా" అని అతను పెట్టేస్తాడు. అలా నాలుగు రోజులు గడిస్తే ఆవిడే చేయడం మానేస్తుంది. నెలరోజుల పాటు "కొత్తది కొందాం" అనుకుంటూ కూర్చున్న ఇంట్లో పోయేది నెట్ ఒక్కటే కాదు.

అందుకే చెబుతున్నాను. ఈసారి బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు మీ జాబితాలో టి.సి. కింద ఇంకో వరుస రాసుకోండి: స్టిక్కర్ ఫోటో, రీసెట్, పిన్ను కూడా అదే సంచిలో. కొత్త ఇంట్లో దీపం నిలకడగా వెలిగిన రాత్రే అమ్మమ్మకు మీరే ఫోన్ చేయండి. ఆవిడ చేసేదాకా ఆగకండి.