కస్టమ్సులో చిక్కిన కానుక

పాత్రలు మారుతుంటాయి గాని కథ మారదు. పెళ్ళి సంబంధాల వెబ్‌సైటులోనో, ఫేస్‌బుక్‌లోనో ఒక పెద్దమనిషి పరిచయమవుతాడు. లండన్‌లో వైద్యుడో, నడిసముద్రంలో చమురు బావిపై ఇంజనీరో, విదేశీ సైన్యంలో అధికారియో అయి ఉంటాడు. భార్య గతించింది, చిన్న కూతురున్నది. ఉదయం లేవగానే పలకరింపు, రాత్రి ‘భోజనం చేశారా?’ అన్న పరామర్శ. ఆ మాట అడిగేవారు లేక ఏళ్ళు గడిచిన మనిషికి అదెంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

కొన్ని వారాలకు ఒక పార్సెల్ బయలుదేరుతుంది. అందులో నగలు, ఫోను, విదేశీ ద్రవ్యం ఉన్నాయట! అంతలో ‘ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ కార్యాలయం’ నుంచి పిలుపు వస్తుంది. ముందు సుంకం కట్టాలి, కట్టగానే జరిమానా, ఆపైన ఏదో ధ్రువపత్రానికి రుసుము. వెనుకాడితే అరెస్టు చేస్తామన్న బెదిరింపు. పార్సెల్ మాత్రం రాదు. ఎన్నడూ బయలుదేరనిది ఎలా వస్తుంది?

ఈ విద్య కంప్యూటరుతో పుట్టలేదు. 19వ శతాబ్దంలోనే ‘స్పానిష్ ఖైదీ’ ఉత్తరాలు దేశదేశాలు తిరిగాయి. స్పెయిన్ చెరసాలలో మగ్గుతున్న ధనికుడు, దిక్కులేని అతని కూతురు, ఎక్కడో దాచిన సొమ్ము, దానిని చేజిక్కించుకోవడానికి ముందుగా కొంత ఖర్చు! నాడు తపాలా మోసిన వలను నేడు సెల్‌ఫోను మోస్తున్నది. కొందరు కానుకకు బదులు క్రిప్టో పెట్టుబడిని ఎర వేస్తున్నారు. తొలుత చిన్న మొత్తాన్ని లాభంతో తిరిగి ఇచ్చి, నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం కాజేస్తారు.

చదువుకున్నవారు ఎలా మోసపోతారని కొందరు ఆశ్చర్యపడతారు. ఒంటరితనానికి చదువుతో పనిలేదు. పైగా మోసగాడు డబ్బుకంటె ముందు రహస్యాన్ని కోరతాడు: ‘మన సంగతి ఇప్పుడే ఎవరికీ చెప్పవద్దు.’ అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు పెద్దలు. అంత చూడకపోయినా, ఆ ఫొటో మరెవరిదైనా అవునేమో ఇంటర్నెట్‌లో వెతికి చూడవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా ఆ సందేశాలు చూపవచ్చు. వీడియోలో ముఖం కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. కృత్రిమ మేధ నేడు ముఖాన్నీ, గొంతునూ కూడా అనుకరించగలదు.

కస్టమ్స్ వారు వ్యక్తిగత బ్యాంకు ఖాతాలో సుంకం కట్టమని ఫోను చేయరు. వారి ఉత్తరాలపై గుర్తింపు సంఖ్య ఉండే పద్ధతి 2019 నవంబరు 8 నుంచి అమలులోకి వచ్చింది. దానిని ‘డిన్’ అంటారు. ఆ సంఖ్య నిజమైనదో కాదో కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు.

డబ్బు పంపిన తరువాత అనుమానం కలిగితే తెల్లవారే దాకా ఆగరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకూ తెలపాలి. సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు త్వరత్వరగా మారిపోతుంది. అది దాటిపోకముందే తెలిస్తేనే నిలుపు చేయడానికి వీలుంటుంది. సందేశాలను, రసీదులను తుడిచివేయరాదు, అవే సాక్ష్యాలు.

ఇంటివారికీ ఒక మాట. ‘ఇంత వయసొచ్చి బుద్ధి లేదా?’ అన్న ప్రశ్నకు జడిసే ఎందరో నోరు విప్పరు. పోయినదెలాగైనా రాబట్టుకోవాలని మరోసారి, ఇంకోసారి డబ్బు కడతారు. ఎవరైనా ధైర్యం చేసి చెప్పుకున్నప్పుడు ముందు 1930కి ఫోను కలపండి. మందలింపు అవసరమనిపిస్తే ఆ తరువాత చూసుకోవచ్చు.