గట్టు మీది గడ్డికి గడువు ఎవరు చెబుతారు?

మొన్న పొద్దున పాలు పోస్తూ మా పాలావిడ, "రేపు పాలు తక్కువొస్తాయేమోనమ్మా, గేదె మేత ముట్టడం లేదు" అంది. ఏమైందని అడిగాను.

"నిన్న సాయంత్రం పత్తిచేను గట్టు మీద గడ్డి కోసుకొచ్చి వేశాను. చేలో మందు కొట్టారని నాకెవరు చెప్పారు? రాత్రి నుంచీ నోట్లోంచి ఒకటే చొంగ, కాళ్లు వణుకు."

అప్పుడే గిన్నెలో పడిన పాల వంక చూస్తూ ఉండిపోయాను. బాగా కాచితే సరిపోతుందా?

సరిపోదు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి. పురుగుమందు విషయంలో మాత్రం కాచడాన్ని నమ్ముకోలేం. అసలు గొడ్డు తిన్న మందు ఏమవుతుందో తెలిస్తేగాని ఈ సంగతి అర్థం కాదు.

మేతతోపాటు లోపలికి వెళ్లిన మందు రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని విరగ్గొట్టి, నీళ్లలో కరిగే రూపంలోకి మార్చడానికి చూస్తుంది. అలా మారిందల్లా మూత్రంలో పోతుంది. కొంత పేడలోనూ పోతుంది. కాలేయానికి ఓ పట్టాన లొంగని మందులు కొన్ని ఉన్నాయి. అవి కొవ్వులో చేరి కూర్చుంటాయి. పాడిపశువు ఒంట్లోంచి కొవ్వు రోజూ బయటికొచ్చే దారి పాలే కదా! ఆ కొవ్వే మన ఇంట్లో మీగడ, వెన్న, నెయ్యి అవుతుంది.

డీడీటీ అలాంటిదే. భారత వైద్య పరిశోధన మండలి 1993లో ఇచ్చిన నివేదిక చూడండి. 12 రాష్ట్రాల్లో 2205 పాల నమూనాలు పరీక్షిస్తే 82 శాతంలో డీడీటీ కనిపించింది. 37 శాతంలో అది అనుమతించిన హద్దును దాటింది. వ్యవసాయంలో డీడీటీని 1989లోనే నిషేధించారు. దోమల మీద మాత్రం ఆ తర్వాత కూడా చల్లారు. దాని తోబుట్టువు లాంటి బీహెచ్‌సీని 1997లో, ఎండోసల్ఫాన్‌ను 2011లో ఆపారు.

వాటి బదులు వచ్చిన మందుల్లో మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి పశువు ఒంట్లో ఎక్కువ కాలం నిలవవు. చాలా భాగం కొద్ది రోజుల్లోనే మూత్రంలో పోతుంది. సైపర్‌మెత్రిన్ లాంటివీ ఎక్కువగా బయటికి పోయేవే గాని, కొద్దిపాటి అంశ పాలకొవ్వులోకి వస్తుంది. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా 6432 పాల నమూనాలు పరీక్షిస్తే పురుగుమందు హద్దు దాటింది ఒక్కదాంట్లోనే. సంతోషించాల్సిన మాటే. నిషేధాలు వృథా పోలేదు.

అయితే కొత్త మందుల ప్రమాదం వేరే తీరుది. పాతవి నెమ్మదిగా పేరుకునేవి. ఇవి ఒంట్లో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే నరాల మీద దెబ్బ కొడతాయి. చొంగ, వణుకు, విరేచనాలు అందుకే. ఆ రోజుల్లో పితికిన పాలు ఏ సర్వేకీ దొరక్కుండా నేరుగా మన గుమ్మంలోకి వస్తాయి.

కాబట్టి ఇప్పుడు మనం అడగాల్సింది గడువు గురించి. మందు డబ్బా మీద, కొట్టిన ఎన్నాళ్లకు పంట కోయాలో రాసి ఉంటుంది. గట్టు మీది గడ్డి ఎన్నాళ్లకు కోయాలో నేను చూసిన డబ్బాల మీద లేదు. ఒకవేళ రాసినా చదివేదెవరు? మందు కొనేది మగవాడు, కొట్టేది కూలివాడు. గడ్డి కోసి, కుడితి పెట్టి, పాలు పితికేది ఆడది. దుకాణంలో చెప్పే నాలుగు ముక్కలూ ఆమె చెవిదాకా రావు. పిడుదులకని గేదె ఒంటికి పూసే మందు సంగతీ అంతే. అది పూశాక పాలు ఎన్నాళ్లు వాడకూడదో పశువైద్యుణ్ణి అడగాలని ఆమెకెవరు చెప్పారు?

దీనికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. మందు కొట్టిన చేలో కర్రకు ఎర్రగుడ్డ కట్టొచ్చు. మందు పంపును గొడ్లు నీళ్లు తాగే చోట కడగకుండా ఉండొచ్చు. పాలకేంద్రాల్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఈ గడువుల సంగతి చెప్పొచ్చు.

ఇక మిగిలింది డబ్బు సంగతి. పశువైద్యుడు వచ్చి ఇంజక్షన్ చేశాడట. తాను చెప్పేదాకా పాలు ఎవరికీ పోయొద్దన్నాడట. గిన్నెలో పాలు నేను పారబోశాను. మా వీధిలో మిగతా నాలుగిళ్లకూ వెళ్లి చెప్పొచ్చాను. మర్నాడు పాలావిడ ఖాళీ చేతులతో వచ్చి, "ఈ నాలుగు రోజుల డబ్బులు పోయినట్టేనమ్మా. చెప్పకుండా ఉంటే వచ్చేవి" అంది.

నిజమే కదూ! నిజం చెప్పినందుకు ఆమె నష్టపోతే, ఇంకోసారి చెబుతుందా? నెలాఖరున నేను ఆ నాలుగు రోజులూ లెక్కలోంచి తీసేయదలచుకోలేదు. ఆమె పోయని ఆ పాలకు కూడా విలువ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది మరి.