ఇంజిన్ మార్చిన జీపుకు దారి చూపండి

తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి,

సంత రోజున భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు బయల్దేరే పాత మహీంద్రా జీపుల్లో కొన్నిటి బానెట్ ఎత్తి చూస్తే ఈ లేఖ ఎందుకో అర్థమవుతుంది. బండి ప్యూజో ఇంజిన్ల కాలం నాటిది. లోపల ఉన్నది మాత్రం తర్వాత వచ్చిన 2523 సీసీ డీఐ ఇంజిన్. ఛాసిస్ మీద యాంగ్లర్ ముక్కలు కోసి వెల్డింగ్ పెట్టిన మౌంటింగులు, రేడియేటర్‌కూ ఫ్యానుకూ మధ్య రెండు వేళ్లు దూరని సందు, గేర్ రాడ్డు కోసం ఫ్లోరులో కొత్తగా కోసిన కన్నం, దుమ్ము రాకుండా దాని మీద బిగించిన ట్యూబు రబ్బరు. పని చేసినవాడు చెయ్యి తిరిగిన మెకానిక్కే. ఆర్‌సీలో మాత్రం ఇంకా పాత ఇంజిన్ నంబరే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు దగ్గర కాబట్టి ఈ దారుల్లో తనిఖీలు ఎక్కువ. కాగితం మీది నంబరునూ ఇంజిన్ మీది నంబరునూ పోల్చి చూసిన పోలీసుకు ఆ జీపు దొంగబండిలాగే కనిపిస్తుంది.

ఇంజిన్ మార్చడం ఇక్కడ సరదాకు చేసే పని కాదు. బ్లాకుకు ఎన్నిసార్లు బోర్ చేయించినా ఒక రోజున ఇక పనికిరాదని మెకానిక్ చేతులెత్తేస్తాడు. పాత ఇంజిన్‌కు సామాన్లు దొరకవు. కొత్త బండి కొనే స్తోమత ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దొరుకుతుంది. అది బిగిస్తే, బస్సు వెళ్లని గూడేనికి జీపు మళ్లీ తిరుగుతుంది. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి చేర్చేదీ, తునికాకు కట్టలను కల్లానికి మోసేదీ, సంతకు జనాన్ని తెచ్చేదీ ఆ బండే. అలాంటి బండి చట్టబద్ధంగా తిరగాలని కోరుకునేవాడికి ఏ గుమ్మం తట్టాలో స్పష్టంగా తెలియాలి. ఇప్పుడది తెలియడం లేదు.

చట్టం ఏమంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అయినా ఈ ప్రాంత పాఠకుల కోసం ఆ మాట ఇక్కడ ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా యజమాని బండిని మార్చకూడదు. ఆమోదం పొంది మార్చినా 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 2019 జనవరి 9న సుప్రీంకోర్టులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం కేరళ హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌ను మార్చే వీల్లేదని తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చంటోంది.

అదే 52వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం దగ్గర కాస్త ఆగాలి. పదికి తగ్గకుండా రవాణా వాహనాలున్న యజమాని, అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌ను ముందస్తు ఆమోదం లేకుండానే మార్చుకునేలా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా అనుమతించవచ్చు. పది లారీలున్న షావుకారుకు చట్టం ఆ వెసులుబాటుకు చోటిచ్చింది. ఒకే ఒక్క జీపుతో ఇల్లు గడుపుకునే కోయ యువకుడికి ఇవ్వలేదు. పార్లమెంటు రాసిన ఆ గీతను మీ కార్యాలయం చెరపలేదు. ఆ ఒక్క జీపువాడి దరఖాస్తుకు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో నిర్ణయించడం మాత్రం మీ చేతిలో పనే.

పొగ సంగతి ఇంతకంటే ముఖ్యం. ఇంజిన్ మార్పును సమర్థించేవాళ్లు దీన్ని దాటేయకూడదు. బీఎస్-4 ఉద్గార ప్రమాణాలకు ముందు కాలపు డీజిల్ బండికి పీయూసీ (కాలుష్య) పరీక్షలో పొగ 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు మించకూడదు. బీఎస్-4 బండికైతే 50. ఈ హద్దును బండి ఏ కాలానిదో చూసి నిర్ణయిస్తారు గానీ, లోపలి ఇంజిన్ ఏ కాలానిదో చూసి కాదు. 1990ల జీపులో 2010 తర్వాతి ఇంజిన్ బిగించినా పాత హద్దే వర్తిస్తుంది. ఇది సరికాదు. మంచి ఇంజిన్ తెచ్చుకున్నవాడి దగ్గర మంచి ఫలితం అడగాలి.

అసలు నష్టం జరిగేది ఎక్కడో మెకానిక్కులకు బాగా తెలుసు. ఇంజిన్ దించేటప్పుడు దానితోపాటు రావలసిన సామాన్లు సగం షెడ్డులోనే ఉండిపోతాయి. కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్లలోకి పంపే ఈజీఆర్ వాల్వుకు ఇనుప బిళ్ల వేసి మూసేస్తారు. సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కోసి, అందులోని లోహం కోసం అమ్మేస్తారు. ఘాట్‌లో లాగడం లేదని పంపు సెట్టింగ్ పెంచి డీజిల్ ఎక్కువ వదులుతారు. నల్లపొగ అక్కడి నుంచే మొదలవుతుంది. బీఎస్-6 ఇంజిన్ అయితే మరీ కష్టం. ఈసీయూ, సెన్సర్లు, పొగ ఫిల్టర్, వైరింగ్ అన్నీ కలిసి పని చేసే యంత్రమది. అందులోంచి ఇనుప దిమ్మను మాత్రం తెచ్చి బిగిస్తే అది సరిగ్గా పని చేయదు.

కాలిఫోర్నియాలో ఇంజిన్ మార్పు నేరం కాదు. షరతులు మాత్రం గట్టివి. కొత్తగా పెట్టే ఇంజిన్ బండి తయారైన ఏడాదిది గానీ ఆ తర్వాతిది గానీ అయి ఉండాలి. ఆ ఇంజిన్‌తో వచ్చిన కాలుష్య నియంత్రణ భాగాలన్నీ యథాతథంగా ఉండాలి. రిఫరీ అనే అధికారిక పరీక్షకుడు బానెట్ ఎత్తి ఒక్కో భాగం చూసి, సరిగ్గా ఉంటే బండికి లేబుల్ అంటిస్తాడు. తర్వాత పొగ పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ ఆ లేబులే సాక్ష్యం. కొత్త ఇంజిన్ ఏ కాలానిదైతే ఆ కాలపు నియమం దానికి వర్తిస్తుంది. ఖమ్మం జిల్లా నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడినవాళ్లు ఉన్నారు. అక్కడ వాళ్లకు దొరికే స్పష్టత ఇక్కడి అన్నదమ్ములకు దొరకకపోవడానికి కారణం కనిపించదు.

మన దేశంలోనూ దారులు పూర్తిగా మూసుకోలేదు. ఇంధనం మార్చే కిట్‌లకు 52వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. 2022 ఆగస్టులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ, 3.5 టన్నుల లోపు బీఎస్-6 బండ్లలో పెట్రోల్ ఇంజిన్‌కు సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ బిగించడానికీ, డీజిల్ ఇంజిన్ తీసేసి సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ ఇంజిన్ పెట్టడానికీ నియమాలు ఇచ్చింది. ఎలక్ట్రిక్ కిట్‌కు ఏఐఎస్-123 ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు ఆ కిట్‌లను పరీక్షించి ఆమోదిస్తాయి. 2020 నాటి తెలంగాణ ఎలక్ట్రిక్ వాహన విధానం, పాత మూడు సీట్ల ఆటోకు ఎలక్ట్రిక్ కిట్ బిగించుకుంటే ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయలు, మొదటి 5,000 ఆటోలకు ఇస్తామంది. కానీ ఈ ఆమోదాలన్నీ కిట్ తయారుచేసే కంపెనీకి వస్తాయి. ఇంటి దగ్గర ఒక్క బండికి పని చేయించుకునేవాడు పుణె దాకా వెళ్లి పరీక్ష చేయించుకోలేడు. అతనికి మిగిలే దారి ఒక్కటే: అదే కంపెనీ ఇంజిన్, తన బండి కాలానిది గానీ తర్వాతిది గానీ, అన్ని భాగాలతో సహా. ఆ దారినైనా సాఫు చేయండి.

భద్రాచలానికి మరో చిక్కు ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఆనుకుని ఉన్న ఏటపాక అటు వెళ్లింది. 30వ నంబరు జాతీయ రహదారి మీద చింతూరు దాటి కుంట వరకు వెళ్లిన జీపు ఒకే పూటలో మూడు రాష్ట్రాలు తొక్కుతుంది. ఖమ్మంలో నోటిమాటగా దొరికిన అనుమతి చింతూరు తనిఖీలో చెల్లదు. ప్రమాదం జరిగితే బీమా సర్వేయర్ మొదట చూసేదీ ఛాసిస్, ఇంజిన్ నంబర్లే. ఆ రోజు నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు, వెనక సీటులో కూర్చున్న ప్రయాణికుడి కుటుంబం కూడా.

అందుకే ఈ కోరికలు. ఇంజిన్ కొనక ముందే దరఖాస్తు తీసుకుని, అవుననో కాదనో, కాదంటే ఎందుకో, గడువులోగా రాతపూర్వకంగా చెప్పే పద్ధతి పెట్టండి. డబ్బు ఖర్చయ్యాక వచ్చే ‘కాదు’ యజమానిని దాపరికంలోకి నెడుతుంది. ఇంజిన్ బిల్లుతో పాటు అది ఏ బండి నుంచి వచ్చిందో, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో చూడండి. దొంగ ఇంజిన్లకు అడ్డుకట్ట పడేది అక్కడే. బరువైన ఇంజిన్ పెట్టినప్పుడు ముందు కమాన్ పట్టీలు, బ్రేకులు, స్టీరింగ్ ఆ బరువును మోయగలవో లేదో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండి నడిపి తేల్చాలి. పొగను ఇంజిన్ కాలాన్ని బట్టి కొలవాలి. ఈజీఆర్, కన్వర్టర్ లేని ఇంజిన్‌కు ఆమోదం ఇవ్వకండి. ఈ విషయంలో దయ చూపమని ఈ లేఖ అడగడం లేదు.

ఇప్పటికే ఇంజిన్ మార్చి, చెప్పుకోలేక తిరుగుతున్నవాళ్లకు ఒక్కసారి అవకాశం ఇవ్వండి. తమంతట తాము వచ్చి చూపించిన బండిని పరీక్షించి, నిలబడితే ఆర్‌సీలో ఎక్కించండి, నిలబడకపోతే ఏం సరిచేయాలో రాసివ్వండి. చర్ల నుంచి కొత్తగూడెంలోని జిల్లా కార్యాలయానికి రావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. కాబట్టి మొదటి శిబిరం స్మోక్ మీటర్‌తో సహా భద్రాచలంలోనే, తునికాకు పనులు మొదలవ్వక ముందే పెట్టండి. ఏ కాగితాలు తేవాలో, ఫీజు ఎంతో, ఎవరిని కలవాలో తెలుగులో ఒక పేజీ అచ్చువేసి జీపుల అడ్డాలోనూ, మెకానిక్ షెడ్డుల్లోనూ, సంతలోనూ అంటించండి.